దిల్‌సుఖ్‌నగర్ టు టోక్యో.. ఒంటరిగా వెళ్తే భయపడాల్సింది ఏంటి? అక్కర్లేనిది ఏంటి?

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్ దాకా ఎవరి సాయం లేకుండా వెళ్లొచ్చే వాళ్లు టోక్యోలోనూ ఒంటరిగా తిరిగేయొచ్చు. పెద్ద మాటలా అనిపించినా లెక్కలు చూస్తే నమ్మాల్సిందే. ఎల్బీ నగర్-మియాపూర్ రెడ్ లైన్ పొడవు సుమారు 29 కిలోమీటర్లు, స్టేషన్లు 27. టోక్యో నడిబొడ్డు చుట్టూ గుండ్రంగా తిరిగే యమనోతే లైన్ పొడవు 34.5 కిలోమీటర్లు, స్టేషన్లు 30. మన రెడ్ లైన్‌ను లాగి రెండు చివర్లూ ముడేస్తే ఎలా ఉంటుందో దాదాపు అదే. తేడా అల్లా.. అక్కడ రైలు దిగాక మొదలయ్యే గందరగోళం.

యూట్యూబ్‌లో తెలుగు ట్రావెల్ వీడియోలు చూసి జపాన్ ప్లాన్ వేసుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ మధ్య బాగా పెరిగారు. వీడియోలో పది నిమిషాల్లో అయిపోయే టోక్యో, నిజంగా వెళ్తే ఐదారు రోజులు తిరిగినా సగం కూడా అవ్వదు. దాచుకున్న జీతం పెట్టి, ఇంట్లో వాళ్లను ఒప్పించి వెళ్లే ట్రిప్ ఇది. ఎక్కడ డబ్బు పోతుంది, ఎక్కడ టైమ్ పోతుంది, ఎక్కడ చిక్కుల్లో పడతారు అన్నది ముందే తెలిస్తే మంచిది కదా.

టోక్యో అసలు ఎంత పెద్దది?

టోక్యో, దానికి ఆనుకుని ఉన్న ఊళ్లు కలిపితే జనం సుమారు 3.7 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ మొత్తం కలిపితే 3.5 కోట్లు. అంటే ఆదిలాబాద్ నుంచి ఆలంపూర్ దాకా ఉన్న జనమంతా ఒకే ఊళ్లో ఉన్నట్టు. దశాబ్దాల పాటు ప్రపంచంలో అతిపెద్ద నగరం ఇదేనని చెప్పేవారు. 2025లో ఐక్యరాజ్యసమితి లెక్కించే పద్ధతి మార్చడంతో జకార్తా, ఢాకా ముందుకొచ్చి టోక్యో మూడో స్థానానికి వెళ్లింది. ర్యాంకు మారింది గానీ రద్దీ మారలేదు.

ఇంత పెద్ద ఊరికి ఒక్కరే వెళ్లడం భయమే. కానీ ఒక్కరే వచ్చే కస్టమర్‌ను వింతగా చూడని ఊరు కూడా ఇదే. జపనీస్‌లో అలాంటి వాళ్ల కోసం 'ఒహితోరిసామా' అని మర్యాదగా ఓ పేరే ఉంది. రామెన్ హోటళ్లలో ఒక్కొక్కరు కూర్చుని తినే కౌంటర్లు ఉంటాయి. చాలా చోట్ల గుమ్మం దగ్గరే మెషీన్ ఉంటుంది, బొమ్మ చూసి బటన్ నొక్కి, టికెట్ తీసుకుని లోపల ఇస్తే చాలు. ఒక్కరే వెళ్లి పాడుకునే కరోకే గదులూ ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం ఏ టిఫిన్ సెంటర్‌కో ఒక్కరే వెళ్తే "ఒక్కరేనా? అక్కడ సర్దుకోండి" అని నలుగురున్న టేబుల్ వైపు చూపిస్తారు. అక్కడ ఆ ఇబ్బంది లేదు.

బయల్దేరే ముందు జరిగే పొరపాట్లు

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు జపాన్ వీసా తప్పనిసరి. 2024 ఏప్రిల్ నుంచి భారతీయ టూరిస్టులకు ఈ-వీసా ఇస్తున్నారు. దరఖాస్తు మాత్రం వీఎఫ్‌ఎస్ కేంద్రం ద్వారానే. బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్‌లు, ఏ రోజు ఎక్కడ ఉంటారో చెప్పే ప్లాన్ అడుగుతారు.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఈ-వీసా వచ్చాక ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకుని పెట్టుకుంటే సరిపోదు. ఎయిర్‌పోర్ట్‌లో ఇంటర్నెట్ ఆన్ చేసి, వెబ్‌సైట్‌లోనే వీసా నోటీసు తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్, పీడీఎఫ్, ప్రింటవుట్ చెల్లవు. కాబట్టి శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర నిలబడేటప్పటికి ఫోన్‌లో డేటా, ఛార్జింగ్ రెండూ ఉండాలి. ఇమిగ్రేషన్, కస్టమ్స్ వివరాలను 'విజిట్ జపాన్ వెబ్'లో ముందే నింపుకుంటే క్యూఆర్ కోడ్ వస్తుంది, అక్కడ దిగాక పని తేలిక.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, కన్సల్టెన్సీలు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. "ముందు టూరిస్ట్ వీసా మీద వెళ్లండి, అక్కడ ఉద్యోగం చూసుకోవచ్చు" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. టూరిస్ట్ వీసా మీద పని చేయడం జపాన్ చట్టం ప్రకారం నేరం. పట్టుబడితే డిపోర్టేషన్, ఆ తర్వాత కొన్నేళ్లు మళ్లీ అడుగుపెట్టలేరు. నిజంగా ఉద్యోగమే కావాలంటే దారి వేరు. నైపుణ్యం ఉన్న కార్మికుల కోసం భారత్, జపాన్ మధ్య 2021 జనవరిలో ఒప్పందం జరిగింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జపాన్‌కు నర్సుల వంటి వారిని శిక్షణ ఇచ్చి పంపుతోంది. సరదా ట్రిప్ వేరు, బతుకుదెరువు వేరు.

అమ్మ కట్టిచ్చే పచ్చళ్ల విషయానికొద్దాం. మాంసం ఉన్న ఏ పదార్థాన్నీ జపాన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. అంటే చికెన్ పచ్చడి, గోంగూర మటన్ ఇంట్లోనే వదిలేయాలి. దొరికితే పారేయడమే కాదు, కేసు కూడా కావచ్చు. పండ్లు, పచ్చి ఆకులకు తనిఖీ సర్టిఫికెట్ కావాలి. ఆవకాయ, కంది పొడి, అటుకులకు ఆ చిక్కు లేదు. మందుల్లోనూ జాగ్రత్త అవసరం. దగ్గు మందుల్లో వాడే కోడీన్, జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ ఒక మోతాదు దాటితే అక్కడ నిషేధం. రోజూ వేసుకునే మాత్రలు ఉంటే డాక్టర్ చీటీతో సహా పెట్టుకోవాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం విమానం ఎక్కొద్దు. ఆస్పత్రి బిల్లు ఎగ్గొట్టి వచ్చేసిన వాళ్లకు తర్వాత ప్రవేశం నిరాకరించే అవకాశముంది.

ఎప్పుడు వెళ్లాలి? చెర్రీ పూల సీజన్ మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదటి వారం. మన పిల్లల వేసవి సెలవులు మొదలయ్యే టైమ్‌కి, అంటే ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు, జపాన్‌లో వరుస సెలవులు. దాన్ని గోల్డెన్ వీక్ అంటారు. హోటల్ రేట్లు ఆకాశంలో ఉంటాయి, ఆ వారం వదిలేయడమే మేలు. జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత మన మే నెలను మరిపిస్తుంది.

అసలు పరీక్ష రైల్వే స్టేషన్లలోనే

నరీతా ఎయిర్‌పోర్ట్ సిటీకి 60 కిలోమీటర్లకు పైగా దూరం. హనేదా మాత్రం 15 కిలోమీటర్లే. టికెట్ ధరలో రెండు మూడు వేల తేడానే ఉంటే హనేదాలో దిగడం తెలివైన పని. నరీతాలో దిగినా స్కైలైనర్ రైలు 40 నిమిషాల్లో ఉఎనో చేరుస్తుంది. ఎల్బీ నగర్ నుంచి శంషాబాద్‌కు పుష్పక్ బస్సులో వెళ్లేవాళ్లకు, రెండో దశలో నాగోల్-ఎల్బీ నగర్-ఎయిర్‌పోర్ట్ మెట్రో ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్లకు ఆ 40 నిమిషాల విలువ బాగా అర్థమవుతుంది.

దిగగానే సుయికా కార్డు తీసుకోవాలి. మన మెట్రో స్మార్ట్ కార్డు లాంటిదే, 2001లో మొదలైంది. అయితే ఒక్క మెట్రోకే కాదు.. రైళ్లు, బస్సులు, కిరాణా షాపులు, కూల్‌డ్రింక్ మెషీన్లు అన్నింటికీ పనికొస్తుంది. టూరిస్టుల కోసం 'వెల్‌కమ్ సుయికా' ఉంది, గడువు 28 రోజులు. డిపాజిట్ అక్కర్లేదు, కానీ మిగిలిన డబ్బు వెనక్కి రాదు. కాబట్టి కొంచెం కొంచెం వేసుకోవాలి. ఐఫోన్ ఉన్నవాళ్లు ఫోన్‌లోనే సుయికా పెట్టుకోవచ్చు. ఇండియాలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం అది పని చేయదు, అందులో ఉండాల్సిన జపాన్ చిప్ సదుపాయం వేరు.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడేది. టోక్యోలో రైళ్లన్నీ ఒక్క సంస్థవి కావు. జేఆర్ వేరు, టోక్యో మెట్రో వేరు, తోఏ సబ్‌వే వేరు, ఇంకా బోలెడు ప్రైవేట్ లైన్లు. టూరిస్టులకు అమ్మే 24, 48, 72 గంటల సబ్‌వే టికెట్ మెట్రోకు, తోఏకు చెల్లుతుంది గానీ యమనోతే లైన్‌కు చెల్లదు. అది తెలియక గేటు దగ్గర ఆగిపోయేవాళ్లు కోకొల్లలు. ఇక దేశమంతా తిరిగే జేఆర్ పాస్ టోక్యో ఒక్కటే చూసేవాళ్లకు దండగ. ఏడు రోజుల పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000 యెన్లకు పెంచేశారు. పాత వీడియోల్లో "పాస్ కొనేయండి" అని చెప్పేది ఆ పెంపుకు ముందు మాట. ఈ మధ్య కాలంలో 100 యెన్లంటే మన డబ్బుల్లో 55-60 రూపాయలు అనుకుంటే లెక్క సరిపోతుంది.

భాష రాకపోతే ఎలా అంటారా? ప్రతి స్టేషన్‌కూ ఒక కోడ్ ఉంటుంది. యమనోతేలో టోక్యో స్టేషన్ జేవై 01, అకిహబారా 03, ఉఎనో 05, షింజుకు 17, హరజుకు 19, షిబుయా 20. పేరు నోరు తిరక్కపోయినా నంబర్ గుర్తుంటే చాలు. అంకెలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా చూస్తే సరైన వైపు రైలు ఎక్కారో లేదో తెలిసిపోతుంది. ఒకవేళ తప్పు వైపు ఎక్కినా కంగారు లేదు. గుండ్రటి లైన్ కదా, గంటలో తిరిగి అక్కడికే వస్తుంది.

షింజుకు స్టేషన్ మాత్రం వేరే లోకం. ప్రపంచంలోనే అత్యంత రద్దీ స్టేషన్‌గా గిన్నిస్ రికార్డు దీనిదే. బయటకు వెళ్లే దారులు 200కు పైనే. దిల్‌సుఖ్‌నగర్ మెట్రోలో తప్పు మెట్లు దిగితే మహా అయితే రోడ్డు అవతల తేలతారు. షింజుకులో తప్పు దారిలో బయటపడితే అరగంట పోయినట్టే. మ్యాప్‌లో స్టేషన్ పేరుతో పాటు ఎగ్జిట్ నంబర్ కూడా చూసుకుని నడవాలి, ఇదొక్కటి చేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

రాత్రి రైళ్లు పన్నెండున్నర, ఒంటిగంట మధ్య ఆగిపోతాయి. మళ్లీ తెల్లవారుజామున నాలుగున్నర, ఐదుకే. ఆఖరి రైలు తప్పితే టాక్సీ మీటర్ చూసి గుండె ఆగినంత పనవుతుంది.

సరస్వతి, నాగార్జునుడు.. అక్కడా మనవాళ్లే

చూడాల్సిన వాటిలో మొదటిది అసకుసాలోని సెన్సోజీ ఆలయం. టోక్యోలో అతి పురాతన బౌద్ధాలయం ఇదే. 628లో సుమిదా నదిలో చేపలు పట్టే ఇద్దరు అన్నదమ్ముల వలకు కన్నోన్ విగ్రహం చిక్కిందని స్థలపురాణం. కన్నోన్ అంటే మరెవరో కాదు, మన అవలోకితేశ్వరుడు. ముందు ద్వారానికి వేలాడే ఎర్ర లాంతరు ఎత్తు 3.9 మీటర్లు, బరువు 700 కిలోలు. 1945 మార్చి బాంబు దాడుల్లో ప్రధాన ఆలయం కాలి బూడిదైతే, 1958లో మళ్లీ కట్టారు. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. పొద్దున్నే ఏడు లోపు వెళ్తే గుడి గుడిలా కనిపిస్తుంది, పదయ్యాక తిరనాళ్లే.

ఉఎనోలో షినొబాజు చెరువు మధ్య బెంతెన్‌దో అనే చిన్న గుడి ఉంది. అక్కడి దేవత బెంజైతెన్ మన సరస్వతే. సాధారణంగా బెంజైతెన్ చేతిలో వీణ బదులు బీవా అనే జపాన్ వాయిద్యం ఉంటుంది. బాసరలో అక్షరాభ్యాసం చేయించుకున్న వాళ్లు అంత దూరం వెళ్లి ఆ అమ్మవారిని చూడకుండా వచ్చేస్తే బాగోదు. చాలామంది మాత్రం పక్కనే ఉన్న అమెయోకో బజారులో బేరాలకు పడి దీన్ని దాటేస్తారు.

ఎల్బీ నగర్ చౌరస్తాలో నాగార్జునసాగర్ బోర్డు రోజూ చూసే వాళ్లకు ఇంకో సంగతి. కృష్ణా లోయతో, నాగార్జునకొండతో ముడిపెట్టి చెప్పుకునే ఆచార్య నాగార్జునుడిని జపాన్ బౌద్ధులు 'ర్యూజు' అంటారు. ఎనిమిది శాఖలకు మూలగురువుగా కొలుస్తారు.

కొత్త బంధాలూ ఉన్నాయి. 2022 అక్టోబరు 21న 'ఆర్ఆర్ఆర్' అక్కడ విడుదలై నెలల తరబడి ఆడింది. 2024 మొదట్లో తకరజుకా అనే అందరూ మహిళలే నటించే బృందం భీమ్ కథగా దాన్ని రంగస్థలం మీద కూడా ఆడింది. షాపులో "ఇండియా" అనగానే నాటు స్టెప్పు వేసి చూపించే వాళ్లు ఎదురైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు రెండో దశలో కొంత భాగానికి అప్పు ఇచ్చింది కూడా జపాన్ సంస్థ జైకానే.

చేపల మార్కెట్ కథ కొత్తపేట వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారానికి తరలించినట్టే, 1935 నుంచి నడిచిన త్సుకిజీ హోల్‌సేల్ మార్కెట్‌ను 2018 అక్టోబరులో తొయొసుకు మార్చేశారు. ఇక్కడ పాత మార్కెట్ స్థలం ఆస్పత్రికి పోయింది. అక్కడ హోల్‌సేల్ వెళ్లిపోయినా బయటి వీధుల్లోని చిన్న దుకాణాలు అలాగే ఉండిపోయాయి. టూరిస్టులు వెళ్లాల్సింది ఆ పాత వీధులకే.

ఎత్తు నుంచి నగరం చూడాలంటే 634 మీటర్ల స్కైట్రీ ఉంది, 1958 నాటి 333 మీటర్ల టోక్యో టవర్ ఉంది. రెండింటికీ టికెట్ ఉంటుంది. షింజుకులో టోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తు, 202 మీటర్ల ఎత్తు నుంచి చూడటం మాత్రం పూర్తిగా ఉచితం. జేబు చూసుకుని వెళ్లేవాళ్లు ముందు ఇక్కడికే వెళ్లాలి. ఆకాశం తేటగా ఉంటే ఫుజీ పర్వతం కూడా కనిపిస్తుంది. హరజుకు పక్కన మెయిజీ మందిరం 1920లో కట్టింది, చుట్టూ 70 హెక్టార్ల అడవి. ఆ చెట్లలో దాదాపు లక్ష, జనం విరాళంగా ఇచ్చినవే. షిబుయా క్రాసింగ్ గురించి వీడియోల్లో చూసే ఉంటారు, ఐదు నిమిషాలు చాలు. పక్కనే హచికో కుక్క విగ్రహం దగ్గర కాసేపు ఆగొచ్చు. 1925లో యజమాని చనిపోయినా, 1935లో తాను చనిపోయేదాకా స్టేషన్‌కు వచ్చి ఎదురుచూసిన కుక్క అది.

శాకాహారులకే అసలు తిప్పలు

కూరగాయల సూప్ అని రాసున్నా అందులో 'దాషి' ఉంటుంది. అంటే ఎండు చేపలతో కాచిన రసం. నూడుల్స్ పులుసులో, సాస్‌లో, చివరికి గుడ్డు అట్టులో కూడా అదే. మాంసం వద్దంటే మాంసం తీసేస్తారు గానీ దాషి సంగతి వాళ్లకు తట్టదు. "చేప, చేప రసం, మాంసం, గుడ్డు తినను" అని జపనీస్‌లో రాయించుకున్న చీటీ ఫోన్‌లో ఉంచుకోవాలి. బౌద్ధ సన్యాసుల వంట 'షోజిన్ ర్యోరి' శాకాహారమే, కాకపోతే ఖర్చెక్కువ. పప్పన్నం మీద మనసు పోతే నిషి-కసాయ్ వెళ్లాలి. ఐటీ ఉద్యోగాలకు వెళ్లిన భారతీయ కుటుంబాలు, వాళ్లలో మన తెలుగు వాళ్లూ, ఎక్కువగా ఉండేది అక్కడే. ఇండియన్ కిరాణా కొట్లు, దోసెలు, భోజనం అన్నీ దొరుకుతాయి.

పడుకోవడానికి క్యాప్సూల్ హోటళ్లు చవక. మనిషి పట్టేంత పెట్టెలో పరుపు, లైటు, ఛార్జింగ్. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో నలుగురి షేరింగ్ రూమ్‌లో చదువుకున్న వాళ్లకు ఇదేం లెక్క! మహిళలకు వేరే అంతస్తులు ఉన్నవి చూసి బుక్ చేసుకోవాలి.

అమ్మాయిలు ఒంటరిగా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. రాత్రి పదకొండింటికి ఒక్కరే నడిచి వెళ్లే ఆడవాళ్లు అక్కడ మామూలు దృశ్యం. అలాగని అంతా సవ్యంగా ఉంటుందని చెప్పడం అబద్ధమవుతుంది. కిక్కిరిసిన రైళ్లలో ఆడవాళ్లను తాకే వెధవల బెడద టోక్యోలో పాత సమస్య. అందుకే కొన్ని లైన్లలో, ముఖ్యంగా ఉదయం రద్దీ వేళల్లో, గులాబీ రంగు గుర్తుతో మహిళల బోగీలు పెట్టారు. టోక్యో పోలీసుల 'డిజీ పోలీస్' యాప్‌లో ఒక్క బటన్ నొక్కితే సాయం కావాలనే సందేశం జపనీస్‌లో తెరపై వస్తుంది, పక్కవాళ్లకు చూపిస్తే చాలు. మగవాళ్లకు వేరే ప్రమాదం. షింజుకు దగ్గర కబుకిచోలో రోడ్డు మీద నవ్వుతూ పిలిచి బార్‌లోకి తీసుకెళ్లి, బిల్లు వేల యెన్లలో కాదు లక్షల్లో చేతిలో పెడతారు. పిలిచిన వాడి వెంట వెళ్లకపోవడమే దీనికి మందు.

పాస్‌పోర్ట్ ఎప్పుడూ వెంట ఉండాలి, అది అక్కడి చట్టం. పోలీస్ నంబర్ 110, అంబులెన్స్ 119. టూరిస్టుల హెల్ప్‌లైన్ 050-3816-2787 రోజంతా ఇంగ్లిష్‌లో పలుకుతుంది. వీధి మూలల్లో 'కోబాన్' అనే చిన్న పోలీస్ బూత్‌లు ఉంటాయి. దారి తప్పినా, పర్సు పోయినా ముందు అక్కడికే వెళ్లాలి. పోయిన వస్తువు దొరికే అవకాశం మన ఊహకు అందనంత ఎక్కువ.

భూకంపం వస్తే? 1923 సెప్టెంబరు 1న వచ్చిన భూకంపంలో టోక్యో ప్రాంతంలో లక్ష మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కట్టడాల తీరే మారిపోయింది. చిన్న కదలికలు తరచూ వస్తుంటాయి. 'సేఫ్టీ టిప్స్' యాప్ పెట్టుకుంటే ఇంగ్లిష్‌లో హెచ్చరిక వస్తుంది. కదలిక మొదలైతే బయటికి పరిగెత్తకుండా టేబుల్ కింద దూరి తల కాపాడుకోవాలి.

రోడ్ల మీద చెత్తబుట్టలు కనిపించవు, ఇది అందరినీ చిరాకు పెడుతుంది. 1995 మార్చి 20న సబ్‌వే రైళ్లలో ఓ మతోన్మాద ముఠా విషవాయువు వదిలి ప్రాణాలు తీసింది. ఆ తర్వాత స్టేషన్లలో, వీధుల్లో బుట్టలు చాలావరకు తీసేశారు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం జంట పేలుళ్లు చూసిన దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు ఆ భయం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. చెత్త వేసుకోవడానికి బ్యాగులో ఒక కవర్ ఉంచుకోవాలి. రైల్లో ఫోన్ మాట్లాడకూడదు, ఎస్కలేటర్ మీద ఎడమ పక్కన నిలబడాలి, టిప్పు ఇవ్వకూడదు. ఇస్తే వెంటపడి మరీ తిరిగిచ్చేస్తారు.

డబ్బు విషయంలో యూపీఐని నమ్ముకోవద్దు. ఫారెక్స్ కార్డుతో పాటు కొంత నగదు ఉండాల్సిందే. చిన్న హోటళ్లు, గుళ్లు ఇప్పటికీ నగదే తీసుకుంటాయి. సెవెన్ ఎలెవెన్ షాపుల్లోని ఏటీఎంలలో మన కార్డులు పని చేస్తాయి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు టైమ్ చూసుకోవాలి. అక్కడ మనకంటే మూడున్నర గంటలు ముందు. ఎల్బీ నగర్‌లో అమ్మానాన్నలు రాత్రి తొమ్మిదికి అన్నం తిని "తిన్నావా?" అని ఫోన్ చేస్తే, టోక్యోలో అప్పటికి అర్ధరాత్రి పన్నెండున్నర, ఆఖరి రైలు వెళ్లిపోయే వేళ.